ఆహార పదార్థములకు చల్లదనము – అమ్మోనియా గుణదోషములు

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువున మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర జరుగును. శివరాత్రితో చలి ‘శివశివా’ యనుచు వెడలిపోవునని పెద్దల మాట. అది మొదలు ఎండలు ముదురును. పాలు విరుగును, చేపలు చెడును, కూరగాయలు వాడును. రైతు చెమటోడ్చి పండించినది, ఇల్లాలు వేకువనే లేచి పితికినది, చల్లదనము లేనిచో ఒక పూటలో విలువ కోల్పోవును. అందుచేతనే ఐసు ఫ్యాక్టరీలు, పాల శీతలీకరణ కేంద్రములు, మిర్చి నిలువయుంచు శీతల గిడ్డంగులు మన ప్రాంతములకు అవసరములగుచున్నవి.

ఇట్టి పరిశ్రమ ఊరి పొలిమేరకు వచ్చినపుడు పంచాయతీ సభ్యులు అడుగవలసిన మొదటి ప్రశ్న యొకటి కలదు: “ఇందు చల్లదనము కొరకు ఏ ద్రవ్యమును వాడుదురు?” ఈ ప్రశ్న యొక్క ప్రాముఖ్యమును ఇచట వివరింతుము.

చల్లదనము పుట్టు విధము

కొత్త కుండలోని నీరు ఏల చల్లబడును? కుండ పైభాగమున చెమర్చిన నీరు ఆవిరియగుచు, అందుకు వలసిన వేడిమిని లోపలి నీటినుండి గ్రహించును. శీతలయంత్రమున జరుగునదియు ఇదియే. అందు నీటికి బదులు త్వరగా ఆవిరియగు వేరొక ద్రవ్యము గొట్టములలో ప్రవహించుచు వేడిమిని హరించును. ఆ ఆవిరిని కంప్రెసరు నొక్కి, వెలుపలి గొట్టములలో చల్లార్చి, తిరిగి ద్రవముగా మార్చును. ఈ ద్రవ్యమునే శీతలక మందురు.

అమ్మోనియా సున్నకు దిగువ 33 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును. ఒక కిలో అమ్మోనియా ఆవిరియగునపుడు హరించు వేడిమి, సుమారు నాలుగు కిలోల మంచు కరుగునపుడు హరించు వేడిమికి సమానము. జర్మనీ దేశీయుడగు కార్ల్ ఫాన్ లిండే 1870 దశకముననే అమ్మోనియా యంత్రములను నిర్మించెను.

కృత్రిమ ద్రవ్యములు తెచ్చిన చేటు

1930 ప్రాంతమున క్లోరోఫ్లోరోకార్బనులను కృత్రిమ ద్రవ్యములు వచ్చినవి. వాటికి వాసన లేదు, మంట లేదు. కాని అవి ఆకాశమునకెగసి, సూర్యుని తీక్ష్ణ కిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను నశింపజేయుచున్నవని తేలినది. 1987లో మాంట్రియల్ ఒడంబడిక కుదిరినది. 1992లో భారతదేశము అందు చేరినది. వాటికి మారుగా వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బనులు ఓజోనును చెరుపవు గాని భూమిని వేడెక్కించును. వీటిలో ఆర్-404ఏ అనునది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 3,900 రెట్లు అధికముగా వేడెక్కింపగలదు. వీటి వాడుకను క్రమముగా తగ్గించుటకు 2016లో కిగాలీ నగరమున ఒప్పందము జరిగినది. 2021లో మన దేశము దానిని ఆమోదించినది.

ప్రకృతి సిద్ధములగు శీతలకములు ఇందులకే తిరిగి గౌరవము పొందుచున్నవి. అవి ముఖ్యముగా మూడు రకములు. అమ్మోనియా పెద్ద యంత్రములకు తగినది. వంటగ్యాసు జాతికి చెందిన ప్రొపేను, ఐసోబ్యూటేనులు చిన్న పెట్టెలకు తగినవి. ఇంటి ఫ్రిజ్ వెనుకనున్న చీటీపై ‘ఆర్-600ఏ’ అని యున్నచో అందలి ద్రవ్యము ఐసోబ్యూటేను. ఇవి మండు స్వభావము గలవి. మూడవది బొగ్గుపులుసు వాయువు. ఇది మండదు గాని అధిక పీడనము కోరును. 31 డిగ్రీలు దాటినచో ఎంత నొక్కినను ద్రవము కాదు గనుక, మన ఎండలలో దీనికి ప్రత్యేక యంత్రములు అవసరము.

ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా

గొట్టములలోని అమ్మోనియా మొదట ఉప్పునీటి తొట్టిని చల్లబరచును. మంచినీరు నింపిన ఇనుప డబ్బాలను ఆ ఉప్పునీటిలో దింపుదురు. సుమారొక దినమునకు నీరు గడ్డకట్టును. అమ్మోనియా మంచును తాకదు గనుక, గొట్టములు చిల్లిపడనంతవరకు ఆహారమునకు భయము లేదు. పాల కేంద్రములలో ఇట్లే చల్లబడిన నీటితో పాలను 4 డిగ్రీలకు దింపుదురు. అమ్మోనియా రాగిని తినివేయును. అందుచే ఉక్కు గొట్టములనే వాడవలెను.

ప్రమాదము

యూరియా తయారీకి మూలమగు ద్రవ్య మిదియే. పశువుల కొట్టమున ముక్కునకు తగులు ఘాటు దీనిదే. స్వల్పముగా వెలువడినను వాసన హెచ్చరించుట దీని సుగుణము. గాలిలో పదిలక్షల పాళ్లకు 25 పాళ్లకు మించిన చోట దినమంతయు పని చేయరాదు. 300 పాళ్లు ప్రాణాపాయము. 2020 ఆగస్టులో చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలమందలి యొక పాల కర్మాగారమున అమ్మోనియా వెలువడి పలువురు స్త్రీ కార్మికులు ఆసుపత్రి పాలైరి. ఇంటి పోషణకై పనికి వెళ్లిన తల్లి క్షేమముగా తిరిగివచ్చుట ఊరి బాధ్యతయు గదా!

పంచాయతీ చేయవలసినవి

1. యంత్రములలో అమ్మోనియా ఎన్ని కిలోలున్నదో వ్రాతమూలముగా తెలిసికొని పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను.

2. బడి, అంగన్‌వాడీ, ఇండ్ల వరుసలకు దూరముగా స్థలము చూడవలెను. గాలివాటు తెలుపు గుడ్డగొట్టమును ఎత్తున కట్టించవలెను.

3. వాయువును పసిగట్టు పరికరములు, ముఖకవచములు, కంటికడుగు నీటి కుళాయి ఉన్నవో లేవో కర్మాగారముల శాఖ, అగ్నిమాపక శాఖల అధికారులచే పరీక్ష చేయింపవలెను.

4. యంత్రమునుండి నూనె తీయునపుడును, వాల్వులు మరమ్మతు చేయునపుడును ప్రమాదములు జరుగుచుండును. శిక్షణ పొందినవారే ఆ పని చేయవలెను.

5. అమ్మోనియా నీటిలో మిక్కిలి కరుగును. అట్టి నీరు చెరువులో కలిసినచో చేపలు చచ్చును. మురుగుదారిని ముందే చూడవలెను.

6. ఏటేట ఊరివారితో కలిసి అభ్యాసము జరుపవలెను. వాయువు వెలువడినచో గాలి వీచు దిశకు అడ్డముగా పోవలెను. తడిగుడ్డను ముక్కునకు పెట్టుకొనవలెను. కన్నులను నలుపక పదిహేను నిమిషములు మంచినీటితో కడుగవలెను. 101కు, 108కు తెలుపవలెను.

భయపడి పరిశ్రమను తరిమివేసినచో పాలు, పంట చెడును. అజాగ్రత్తతో అనుమతించినచో ప్రాణములకే ముప్పు. అమ్మోనియా ఆకాశమునకు కీడు చేయదు. ఊరికి కీడు కలుగకుండ చూచుకొను పని మాత్రము మనుష్యులది. ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము లిచ్చు పరిశ్రమను స్వాగతించి, ఈయజాలని దానిని సరిదిద్దుకొని రమ్మని పంపుటయే వివేకవంతమగు పంచాయతీ లక్షణము.