వీనికి నోరు ఎవురు కోసినారు?

దసరా సెలవులకు కడప పోయేటప్పుడు నా జోకర్ బొమ్మను కూడా బ్యాగులో పెట్టుకుని పోయాను. హాస్టల్లో వదిలేస్తే ఎవరో ఒకరు చెయ్యి విరగ్గొడతారని భయం. రెండు నెలలు సాయంత్రం టిఫిన్ డబ్బులు మిగిల్చి కొన్నది మరి. 2008లో వచ్చిన 'ద డార్క్ నైట్' సినిమాలో హీత్ లెడ్జర్ వేసిన జోకర్ అది. ఊదా రంగు కోటు, పచ్చటి జుట్టు, చెంపల దాకా కోసిన నోరు. మా జేజి దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, చాలాసేపు చూసి అడిగింది: "వీనికి నోరు ఎవురు కోసినార్రా?"

"వాడు విలన్ జేజీ, వాడంతే" అని నవ్వేశాను. ఆ జవాబు తప్పని తర్వాత తెలిసింది. ఎందుకు తప్పో చెప్పాలంటే ముందు ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో కొంచెం తెలియాలి.

బొమ్మను చదవడం

'యాక్షన్ ఫిగర్' అనే మాట 1964 నాటిది. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జీఐ జో అనే సైనికుడి బొమ్మను తెచ్చింది. 'డాల్' అంటే మగపిల్లలు కొనరని భయపడి ఈ కొత్త పేరు పెట్టింది. ఏ యాక్షన్ ఫిగర్‌ని చూసినా నాలుగు విషయాలు గమనించండి.

1. స్కేల్: ఆరడుగుల మనిషి అంటే 72 అంగుళాలు. 1:12 స్కేల్‌లో అతను 6 అంగుళాలు, 1:6లో 12 అంగుళాలు. స్కేల్ చూసుకోకుండా కొంటే మీ బ్యాట్‌మ్యాన్ మీ జోకర్ నడుము దాకానే వస్తాడు.

2. కీళ్ళు: భుజానికి బాల్ జాయింట్ ఉంటే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలికి ఒక్క పిన్నే ఉంటే కాలు ముందుకీ వెనక్కీ మాత్రమే మడుస్తుంది. మన మెకానికల్ వాళ్ళు చెప్పే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఇదే.

3. ఒళ్ళు: 1972లో మెగో కంపెనీ మొదలుపెట్టిన సూపర్ హీరోల సిరీస్‌లో మగ పాత్రల్లో చాలామందికి లోపలి శరీరం ఒకటే. తల, బట్టలు మారిస్తే హీరో విలన్ అయిపోతాడు. ఇప్పటి కంపెనీలు కూడా ఒకే శరీరాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకుంటాయి. దాన్ని కలెక్టర్లు 'బక్' అంటారు. సీఎస్‌ఈ వాళ్ళకి ఇంకా సులువుగా చెప్పాలంటే, బేస్ క్లాస్ ఒకటే, మిగతాదంతా ఇన్‌హెరిటెన్స్.

4. ఆకారం: వెనక లైటు పెట్టి నీడ మాత్రమే చూపించినా ఎవరో తెలిసిపోవాలి. డాక్టర్ ఆక్టోపస్‌కి వీపు మీద నాలుగు ఇనుప చేతులు, మాగ్నెటోకి ఆ హెల్మెట్. మంచి విలన్ బొమ్మకి ఇదే ప్రాణం.

జేజి ప్రశ్నకు జవాబు

జోకర్ మొదటిసారి కనిపించింది 1940లో, 'బ్యాట్‌మ్యాన్' మొదటి సంచికలో. ఆ ముఖానికి ఒక మూలం ఉంది. 1928లో వచ్చిన 'ద మ్యాన్ హూ లాఫ్స్' అనే మూకీ సినిమాలో కాన్రాడ్ వైట్ అనే నటుడి ఫోటో. విక్టర్ హ్యూగో నవల ఆధారంగా తీసిన సినిమా అది. అందులో ఆ పాత్ర పేరు గ్విన్‌ప్లెయిన్. అతను విలన్ కాదు! చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఎవరో అతని ముఖం కోసి, ఎప్పుడూ నవ్వుతున్నట్టు చేసేశారు. ఏడుపొచ్చినా ముఖం నవ్వుతూనే ఉంటుంది.

అంటే అన్యాయానికి గురైన ఒకడి ముఖం తీసుకుని, అతని కథ వదిలేసి, ఆకారం మాత్రం విలన్‌కి తగిలించారు. జేజి అడిగింది సరైన ప్రశ్న. 'డార్క్ నైట్'లో జోకర్ తన మచ్చల గురించి రెండుసార్లు రెండు వేర్వేరు కథలు చెప్తాడు. ఏది నిజమో సినిమా చెప్పదు.

మన ఊరి బక్

ఇది నాకు ఎందుకు గుచ్చుకుందంటే, ఒకసారి హైదరాబాద్‌లో హ్యాకథాన్‌కి పోయినప్పుడు వేరే కాలేజీ అబ్బాయి మా ఊరు అడిగాడు. కడప అన్నాను. "అమ్మో, బాంబులు తెచ్చావా బ్రో?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఏడుపొచ్చినా నవ్విన ముఖం అంటే ఏంటో నాకు కొంచెం తెలుసు.

1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఆది', 'ఇంద్ర', 2003లో 'ఒక్కడు'. ఈ సినిమాలు నాకూ ఇష్టమే. కొండారెడ్డి బురుజు దగ్గరికి ఎప్పుడు పోయినా మహేష్ బాబే గుర్తొస్తాడు. కానీ వరసపెట్టి చూస్తే ఒక బక్ తయారవడం కనిపిస్తుంది. తెల్లబట్టలు, మీసం, వేటకొడవలి, వెనక సుమోలు. నీడ చూపిస్తే చాలు, 'సీమ' అని చెప్పేస్తారు. పేరు మార్చి ఇంకో సినిమాలో పెట్టేస్తారు.

ఫ్యాక్షన్ జరగలేదని నేను అనను. జరిగింది, ఇళ్ళు ఆరిపోయాయి. కానీ ఆ ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళూ, ఎండిపోయిన బోర్లూ, పని కోసం బెంగళూరు బస్సెక్కే వాళ్ళూ ఆ డబ్బాలో పట్టరు. వాళ్ళకి ప్రత్యేకమైన ఆకారం లేదు కాబట్టి బొమ్మ తయారవదు.

పది తలల బొమ్మ

మరి ఆకారమూ కథా రెండూ ఉన్న విలన్ బొమ్మ లేదా? ఉంది, మన సీమలోనే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేస్తున్నారు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దాటేంత పలచగా చేసి, రంగులు వేసి, నగలు మెరవడానికి చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. చేతులు, కాళ్ళు విడివిడిగా కోసి దారంతో కలుపుతారు. కీళ్ళు ఉన్నాయి, ఆకారం ఉంది. పది తలల నీడ చూస్తే రావణుడని చంటిపిల్లలు కూడా చెప్తారు.

తేడా ఎక్కడంటే, ఆ బొమ్మ వెనక ఒక మనిషి కూర్చుని దానికి గొంతు ఇస్తాడు. రావణుడు మాట్లాడతాడు, వాదిస్తాడు, కొడుకు పోతే ఏడుస్తాడు. తోలుబొమ్మలాటకి ఆధారమైన రంగనాథ రామాయణంలో ఇంద్రజిత్తు భార్య సులోచన దుఃఖానికి కూడా చోటు ఉంది. విలన్ ఓడిపోతాడు, కానీ అతని ఇల్లు మనకు తెలుస్తుంది. ఇప్పుడు ఆటలు తగ్గిపోయి, ఆ చేతులే ఎక్కువగా ల్యాంప్‌షేడ్లు చేస్తున్నాయి.

మా జేజి చిన్నప్పుడు తోలుబొమ్మలాటలు రాత్రంతా చూసేదంట. అందుకేనేమో, బొమ్మను చూడగానే కథ అడిగింది.

మీ దగ్గర ఏ విలన్ బొమ్మ ఉన్నా ఈసారి ఒకసారి చేతిలోకి తీసుకోండి. స్కేల్, కీళ్ళు, ఒళ్ళు, ఆకారం చూశాక ఐదో విషయం కూడా చూడండి: వీడి కథ ఎవరు చెప్తున్నారు, ఏది వదిలేశారు? ఎవరైనా ఊరి పేరు చెప్పినప్పుడు కూడా ఇదే అడగొచ్చు.

జోకర్ ఇప్పుడు మళ్ళీ నా టేబుల్ మీదే ఉన్నాడు. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు జేజికి గ్విన్‌ప్లెయిన్ కథ మొత్తం చెప్పాలి. పేరు మాత్రం ఆమెకి నోరు తిరగదు, చూడాలి ఏం పెడుతుందో.