గిటార్ పికప్ కవర్ తీసే ముందు

నవంబరు వచ్చిందంటే నెల్లూరులో ఆంప్లిఫయర్లు, మిక్సర్లు బాగుచేసే కుర్రాళ్ల బల్ల మీదికి ఎలక్ట్రిక్ గిటార్లు రావడం మొదలవుతుంది. 1840లో శామ్యూల్ డే అనే మిషనరీ బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టిన ఊరు ఇది. క్రిస్మస్ కార్యక్రమాలకు చర్చి బృందాలన్నీ ఒకేసారి సిద్ధమవుతాయి. ఈశాన్య రుతుపవనాల ముసురు కూడా సరిగ్గా అప్పుడే. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చే గిటార్లకు స్క్రూలు తుప్పుపట్టి, పికప్ కవర్ల మీద పూత పొక్కులు లేచి ఉంటుంది. "అన్నా, ఈ కవర్లు పీకేయ్, సౌండ్ బాగా వస్తదంట" అని అడిగే పిల్లలూ ఎక్కువే. పని చిన్నదే. కానీ సముద్రం పక్కన వాయించే గిటార్‌కు అడిగిందే తడవుగా కవర్ తీసేయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఈ కోరికకు మూలం ఉంది. గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ రెండు కాయిల్స్‌తో కరెంటు హమ్మింగ్‌ను అణిచే హమ్‌బకర్ పికప్ తయారుచేసి, 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. బయటి రొద లోపలికి రాకుండా దానికి జర్మన్ సిల్వర్ రేకు కవర్ పెట్టారు. రాగి, నికెల్, జింకు కలిసిన ఆ లోహం అయస్కాంతానికి అడ్డురాదు. 1960లలో బ్రిటన్ బ్లూస్ వాద్యకారులు ఆంప్లిఫయర్‌ను పూర్తిగా పెంచి వాయించడం మొదలుపెట్టాక, వదులైన కవర్ అదిరి కీచుమనేది. దాంతో కవర్లు తీసేశారు. పైస్వరాలు కాస్త తేటపడ్డాయని కూడా అన్నారు. అసలు జర్మన్ సిల్వర్ కవర్ అయితే ఆ తేడా చాలా స్వల్పం. చౌక గిటార్లకు వచ్చే ఇత్తడి కవర్ల సంగతి వేరు. ఇత్తడిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి, తీగల కదలికకు ఆ రేకులోనే చిన్న సుడి కరెంట్లు పుట్టి పైస్వరాలను తినేస్తాయి. అక్కడ కవర్ తీస్తే చెవికి తెలుస్తుంది.

కాబట్టి ముందు జబ్బేమిటో తేల్చండి. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉంచి కవర్ మీద గోరుతో తట్టండి. స్పీకర్‌లో టకటకమని గట్టిగా వినిపిస్తే లోపల ఏదో వదులుగా ఉంది. కీచుమంటున్నప్పుడు కవర్‌ను బొటనవేలితో నొక్కి పట్టండి. కీచు ఆగితే కవర్ తీయాల్సిన పనిలేదు, లోపలికి మైనం పట్టిస్తే చాలు. తీగలు ముట్టుకోగానే హమ్మింగ్ తగ్గుతోందా? అయితే గ్రౌండ్, షీల్డింగ్ చూసుకోండి. అలాంటి గిటార్‌కు కవర్ తీస్తే రొద పెరుగుతుంది తప్ప తగ్గదు.

తర్వాత మల్టీమీటర్. గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ చివర కొలవండి. పాత పద్ధతి హమ్‌బకర్ సుమారు 7 నుంచి 9 కిలో ఓమ్స్ చూపిస్తుంది. 250 లేదా 500 దగ్గర చూపిస్తే అది వాల్యూమ్ పాట్ విలువ, కాయిల్ గానీ దాని వైరు గానీ ఎక్కడో తెగిపోయింది. ఈ అంకె గిటార్ యజమాని ఎదుటే కాగితం మీద రాయండి. కాయిల్ తీగ మందం 0.06 మిల్లీమీటర్లు, తల వెంట్రుక కన్నా సన్నం. ఉప్పుగాలికి దాని మీద చిలుము పడితే ఒక్క చుక్క చాలు తెగిపోవడానికి. కవర్ లేని కాయిల్‌కు ఆ గాలికి అడ్డం ఒక పలచని టేపు మాత్రమే.

ఇన్ని చూశాక కూడా తీయాలనుకుంటే, తీగలు వదులుచేసి, చెక్క మీద గుడ్డ కప్పి, పికప్‌ను బయటికి తీసి బోర్లించండి. వెనక పలకకు కవర్ సాధారణంగా రెండు చోట్ల సోల్డర్ అయి ఉంటుంది. ఇక్కడ సెల్‌ఫోన్లకు వాడే 25 వాట్ల ఐరన్ పనికిరాదు. పలక వేడినంతా లాగేసుకుంటుంది, మీరు ఆనించి కూర్చుంటారు, ఈలోగా లోపలి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. 60 నుంచి 80 వాట్ల ఐరన్‌కు వెడల్పు బిట్ పెట్టి, కొన్ని సెకన్లు ఆనించి, సోల్డర్‌ను విక్‌తో లాగేయండి. చల్లారనిచ్చి మళ్లీ ఆనించండి. మిగిలిన పొరను సన్న రంపపు బ్లేడుతో కోయొచ్చు. బ్లేడు పోటు కాయిల్ వైపు ఉండకూడదు. ఇనప రజను ఉన్న బల్ల మీద మాత్రం ఈ పని వద్దు, పికప్‌లోని అయస్కాంతం అదంతా లాగి కూర్చుంటుంది. కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి. లోపల మైనం పట్టుకుని ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడిచేసి నిటారుగా లాగితే జారి వస్తుంది.

బయటపడ్డ కాయిల్‌ను అలాగే బిగించి ఇవ్వకండి. నాలుగు పాళ్లు పారఫిన్‌కు ఒక పాలు తేనెమైనం కలిపి, నీళ్లు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. మంట మీద నేరుగా పెడితే మైనం అంటుకుంటుంది. థర్మామీటర్ 65 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ, బుడగలు ఆగేదాకా పికప్‌ను ముంచి ఉంచండి. కీచు పోవడానికీ, చెమ్మ లోపలికి దిగకుండా ఉండటానికీ ఈ ఒక్క పనే ఎక్కువ మేలు చేస్తుంది. దీనికి విడిగా కూలి అడగడానికి మొహమాటపడకండి, గంట సమయం పోతుంది.

కొన్నింటిని ముట్టుకోకపోవడమే మంచిది. ఎపాక్సీ పోసి మూసేసిన ఈఎమ్‌జీ వంటి యాక్టివ్ పికప్‌లు తెరిస్తే పాడవుతాయి. టెలికాస్టర్ నెక్ పికప్ కవర్‌కు చిన్న చెవులు మడిచి ఉంటాయి, దాని గ్రౌండ్ తీగ కాయిల్ కొసతోనే కలిసి ఉంటుంది, తొందరపడితే అదీ పోతుంది. చాలా పాత గిబ్సన్ వస్తే కంపెనీ వేసిన సోల్డర్ కదపకండి, ఆ ముద్ర చెదిరితే అమ్మకంలో ధర పడిపోతుంది. ఆ మాట ముందే యజమానికి చెప్పాలి.

బిగించాక మళ్లీ కొలిచి, మొదటి అంకె పక్కనే రెండోదీ రాసి, ఆ కాగితంతో పాటు తీసిన కవర్లనూ స్క్రూలనూ చిన్న సంచిలో పెట్టి గిటార్ యజమానికి ఇచ్చేయండి.