యాసిడ్ పోసినచోట బ్లీచింగ్ చల్లకండి

హోటళ్లలో, ఆసుపత్రుల్లో, అపార్ట్‌మెంట్లలో బాత్రూములు కడిగేవాళ్లలో చాలామందికి ఒక అలవాటుంది. మరక మొండికేస్తే యాసిడ్ పోసినచోటే బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. రెండూ కలిస్తే రెట్టింపు తెల్లబడుతుందని నమ్మకం. తెల్లబడటం సంగతి అటుంచితే, అక్కడ పుట్టేది క్లోరిన్ వాయువు.

1774లో స్వీడన్‌లో రసాయన శాస్త్రవేత్త షీలే ఈ వాయువునే చూశాడు. మ్యూరియాటిక్ యాసిడ్‌ను మాంగనీస్ ఖనిజంతో కలిపి వేడిచేస్తే వచ్చింది. హార్డ్‌వేర్ షాపులో ఇప్పటికీ మ్యూరియాటిక్ పేరుతో దొరికే సరుకు హైడ్రోక్లోరిక్ యాసిడే. ఆ తర్వాత, ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉండి తీరాలని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజే చెప్పాడు. అందుకే ఈ వాయువును కూడా ఆక్సిజన్ చేరిన ఆమ్లంగా లెక్కగట్టి ‘ఆక్సీమ్యూరియాటిక్ యాసిడ్’ అన్నారు. లండన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బాగా కాల్చిన బొగ్గుతో పరీక్షించినా ఆక్సిజన్ జాడ దొరకలేదు. అది ఆమ్లం కాదు, మూలకమని 1810లో తేల్చి, క్లోరిన్ అని పేరుపెట్టాడు.

పేరు తప్పయినా వ్యాపారం ఆగలేదు లెండి. 1799లోనే స్కాట్లండ్‌లో చార్లెస్ టెనెంట్ ఆ వాయువును పొడి సున్నానికి పట్టించి బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. మీ డబ్బాలో ఉన్నది అదే. దానిమీద యాసిడ్ పడితే సున్నం పట్టి ఉంచిన వాయువు మళ్లీ బయటికొస్తుంది.

చాలా టాయిలెట్ క్లీనర్ల సీసా మీద ‘యాసిడ్’ అని పెద్దగా ఉండదు. వెనకాల చిన్న అక్షరాల్లో హైడ్రోక్లోరిక్ అని ఉంటుంది. సరుకు తెప్పించే సూపర్‌వైజర్లు అది చదవాలి. డ్రమ్ము అయితే సేఫ్టీ డేటా షీట్ అడిగి, రసాయనాన్ని గుర్తించే సీఏఎస్ నంబరు చూడండి: 7647-01-0 అని ఉంటే, పైన ఏ పేరున్నా అది హైడ్రోక్లోరిక్ యాసిడే. బ్లీచింగ్‌తో ఒకే అరలో పెట్టొద్దు. తాగునీళ్ల సీసాల్లోకి ఒంపొద్దు.

ఒకటి వాడాక బోలెడు నీళ్లతో కడిగేయండి, రెండోది మర్నాటికి ఉంచండి. తలుపు తెరిచి, ఫ్యాన్ వేసి పనిచేయండి. ముక్కుకు కట్టుకునే గుడ్డ ఈ వాయువును ఆపదు.

పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే, బకెట్ సర్దబోకుండా బయటికి నడవండి. క్లోరిన్ గాలికన్నా సుమారు రెండున్నర రెట్లు బరువు, నేలబారున, సెల్లార్లలో నిలుస్తుంది. కిందికి కాదు, పైకీ గాలి వచ్చే వైపుకీ వెళ్లండి. కళ్లు మండితే పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడగండి. అప్పటికి బాగానే ఉన్నా కొన్ని గంటలకు ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, దగ్గు తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, ఏ రెండు కలిశాయో డాక్టరుకు చెప్పండి.