వైఫైలో వంతుల లెక్క

సంఘ కార్యాలయములయందు నొకే ఇంటర్నెట్టు లైనుపై పద్దుల కంప్యూటర్లును, వచ్చిపోవు సభ్యుల ఫోనులును పనిచేయుచుండును. ధాన్యము కొనుగోలు దినములలో ఈ దారి మందగించినచో, పేరు నమోదగువఱకు రైతు బండితో నిలిచియుండవలసినదే. ఎవరో ఎక్కువ వాడుకొనుచున్నారని యెల్లరు ననుకొందురు. తక్కువ వేగము గల ఒక్క ఫోను సైతము ఇందుకు కారణము కావచ్చును.

కాలువకు నీరటికాడు గలడు. ఈ నెట్‌వర్కులకు మొదట పంచువాడే లేడు. 1973లో అమెరికాయందు జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున మొదలైన ఈథర్‌నెట్టు నియమమిది: పంపుటకు ముందు తీగను వినవలెను, నిశ్శబ్దమైనచో పంపవలెను, ఇద్దఱొక్కసారి పంపి సందేశములు ఢీకొన్నచో, చీటి తీసినట్లు వేర్వేఱు వ్యవధులాగి మరల యత్నింపవలెను. నేటి స్విచ్చి పెట్టెలో ప్రతి కంప్యూటరునకు వేఱు పిల్లకాలువ యుండుటచే తీగపై ఈ తగవు తీఱినది.

వైఫైకి గాలియే కాలువ. అది యందఱి కొక్కటే. పంపుచున్న పరికరము అదే సమయమున ఇతరుల సందడిని వినజాలదు. కనుక ముందే చీటి వేసికొని, కొంత ఆగి పంపును. చేరినదను జవాబు రానిచో మరల పంపును. ఇందు వంతులు సమానమే గాని, వంతుకు పట్టు కాలము సమానము కాదు.

రౌటరు చెంతనున్న కంప్యూటరు వేగము సెకనుకు 54 మెగాబిట్లు, గోడ కవతల అరుగుమీది ఫోనుది 6 అనుకొందము. వంతుకొక మూట చొప్పున ఇద్దఱును పంపిరేని, ఫోను మూటకు తొమ్మిది రెట్లు కాలము పట్టును. ఇతర జాప్యములు విడిచి లెక్కించినను ఒక్కొక్కరికి దక్కునది 5.4 మెగాబిట్లే. గంటల వంతు పెట్టిన కంప్యూటరునకు 27, ఫోనుకు 3 వచ్చును. ఆయకట్టులో గంటల లెక్కన వంతు పెట్టుకొనువారికి ఇది తెలియనిది కాదు. వడిగా తోడువానికిని మెల్లగా తోడువానికిని ఇన్నేసి గూడలని పంచినచో చివరి మడి యెండును. కాలము లెక్కన పంచు ఏర్పాటు కొన్ని రౌటర్లలో గలదు. 2021లో ఆమోదము పొందిన వైఫై 6 ప్రమాణమున రౌటరే నీరటికాడై, మార్గమును చిన్న మడులుగ విభజించి ఒకేసారి పలువురకు కేటాయింపగలదు. అయితే ఫోనులును ఆ రకమువే కావలెను.

పద్దుల కంప్యూటరును తీగతోనే రౌటరునకు కలుపుడు. రౌటరును ఇనుప బీరువా వెనుక దాచక, గది నడుమ ఎత్తున నుంచుడు. సభ్యుల ఫోనులకు వేఱు పేరుతో వైఫై పెట్టినంతమాత్రమున లాభము లేదు. ఛానలొక్కటే యైనచో వంతును ఒక్కటే. ఇంతకును మందముగనే యున్నచో, ఫోనులన్నియు విడదీసి, తీగ కంప్యూటరుపై వేగము కొలువుడు. అచ్చటను తక్కువ చూపిన, లోపము బయటి లైనుదని తలచి, లైను ఇచ్చిన కంపెనీవారికి ఆ అంకెలతో ఫిర్యాదు వ్రాయవలెను.