కొత్త పాముకు 90 రోజుల విడిది

పాము కనబడితే కర్ర కోసం వెతికే వాళ్ళం మనం. దాన్ని కొని తెచ్చి ఇంట్లో పెంచుకునే వాళ్ళున్నారంటే మీరు ముక్కున వేలు వేసుకుంటారు. కాని అమెరికాలో, ఇంగ్లండులో ఇది వింతేమీ కాదు. అక్కడి పిల్లలు మొదటగా తెచ్చుకునేది తరచుగా ‘కార్న్ స్నేక్’ అనే పాము. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల అడవుల్లో, పొలాల్లో తిరిగే విషం లేని పాము ఇది. ఎలుకలు దీని ఆహారం. పొట్ట మీది గళ్ళు రంగురంగుల మొక్కజొన్న గింజల వరుసల్లా ఉంటాయి కనుక ఆ పేరు వచ్చిందంటారు.

మన దేశంలో ఈ ముచ్చట కుదరదు. ఇక్కడి అడవి పాములను పట్టడాన్ని, ఇంట్లో ఉంచుకోవడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. కనుక పామును తెచ్చుకోవాలని కాదు, పాము శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని దీన్ని చదవండి.

మీరు ఫ్లోరిడాలో ఉంటున్నారనుకుందాం. మీ గదిలో మూడేళ్ళుగా పెరుగుతున్న కార్న్ స్నేక్ ఒకటి ఉన్నది. ఈ రోజు రెండోది వచ్చింది. పెన్సిలంత లావు, జానెడున్నర పొడవు. గాజు తొట్టిలో వదలగానే మూలకు పోయి దాక్కున్నది. తెల్లవారినా బయటికి రాలేదు. రెండో రోజు చిట్టెలుకను పెడితే ముట్టలేదు. ‘చచ్చిపోతుందేమో!’ అని మీకు ఒకటే దడ. మూత తీసి చూస్తారు, కదిపి చూస్తారు, చేతిలోకి తీసుకుని నిమురుతారు. పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది.

పాము వైపు నుంచి ఆలోచించండి. దానికి కనురెప్పలు లేవు. కంటి మీద అద్దం వంటి పొలుసు ఒకటి ఉంటుంది. కళ్ళు మూసుకుని మనను తప్పించుకునే వీలు దానికి లేదు. బయటి చెవులు లేవు గాని, నేల అదిరితే ఒళ్ళంతటితో గ్రహిస్తుంది. నాలుక చాచి గాలిలోని వాసన కణాలను నోటి పైకప్పులో ఉన్న జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. కొత్త తొట్టిలో అన్నీ తెలియని వాసనలే. పైనుంచి దిగే మీ చెయ్యి దానికి గద్ద గోళ్ళతో సమానం. దాక్కోవడం జబ్బు కాదు, తెలివి.

అందుచేత మొదటి వారం మీరు చేయవలసిన పని చాలా తక్కువ. శరీరం అన్ని వైపులా తగిలేంత ఇరుకైన గూళ్ళు రెండు, తొట్టికి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పెట్టాలి. ఒక కొస సుమారు 29 డిగ్రీల సెంటీగ్రేడు, రెండో కొస సుమారు 24 డిగ్రీలు ఉండాలి. వేడిని అదుపు చేయడానికి థర్మోస్టాట్ తప్పనిసరి. లేకపోతే పాము ఒళ్ళు కాలుతుంది. ఒక గిన్నెలో నీళ్ళు. మూతకు గట్టి గడియ, ఎందుకంటే తల దూరే సందు చాలు, పాము మాయమవుతుంది. నీళ్ళు మార్చడానికి తప్ప చెయ్యి పెట్టకండి.

మరి ఆకలి మాట? పామును శీతల రక్త జంతువు అంటాం. దాని రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందని కాదు అర్థం. ఒంటి వేడిని బయటినుంచి తెచ్చుకుంటుందని. మనం తినే అన్నంలో చాలా భాగం ఒంటిని 37 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచడానికే ఖర్చవుతుంది. పాముకు ఆ ఖర్చు లేదు. అంతే బరువున్న క్షీరదం వాడే శక్తిలో సుమారు పదో వంతుతో అది కాలం గడుపుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన ‘బాల్ పైథాన్’ అనే చిన్న కొండచిలువ పెద్దదైతే నెలల తరబడి తినకుండా ఉండి యజమానులను ఏడిపిస్తుంది, తాను మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

తినడమే పాముకు పెద్ద పని. బర్మా కొండచిలువ మీద జరిపి 2005లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పెద్ద భోజనం చేసిన 48 గంటల్లో దాని గుండె కండరం 40 శాతం పెరిగినట్టు తేలింది! పేగులు కూడా అప్పటికప్పుడు పెరుగుతాయి. కార్ఖానా మొత్తం ఒక్కసారి నడవడం మొదలవుతుందన్న మాట. ఆ సమయంలో వేడి చాలకపోయినా, మీరు పట్టుకుని కదిపినా మింగినదాన్ని కక్కేస్తుంది. కక్కితే పది పదిహేను రోజులు మళ్ళీ తిండి పెట్టరాదు. కనుక వారం ఆగి, గడ్డకట్టించి కరిగించిన చిన్న చిట్టెలుకను కాస్త వెచ్చచేసి సాయంత్రం పెట్టండి. తినకపోతే తీసివేసి మరో వారం ఆగండి. తింటే 48 గంటలు ముట్టకండి. రెండు మూడు సార్లు చక్కగా తిన్న తర్వాతనే చేతిలోకి తీసుకోవడం. భయమనిపిస్తే చిన్న త్రాసులో వారానికొకసారి తూచి బరువు రాసుకోండి. గుబులు కంటే త్రాసు నమ్మదగినది. పిల్ల పాము బరువు వరుసగా తగ్గుతూ పోతే పశువైద్యుని పిలవాలి.

ఇక రెండో సంగతి. కొత్త పామును పాతదాని గదిలో పెట్టకూడదు. ఓడల్లో వచ్చిన వాళ్ళను ఊళ్ళోకి రానివ్వకుండా విడిగా ఉంచే పద్ధతి 1377లో రగూసా రేవులో మొదలైంది (నేటి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్). మొదట 30 రోజులు, తర్వాత 40. ఇటలీ భాషలో నలభైని ‘క్వారంటా’ అంటారు. క్వారంటైన్ అనే మాట అలా పుట్టింది. పాములకు ఎక్కువ మంది చెప్పే గడువు 90 రోజులు. ఎందుకంత?

పాము రక్తం తాగే ఒక మైట్ ఉన్నది. పిడుదులకు చుట్టం, పరిమాణం ఆవగింజ కన్నా చిన్నది. కంటి చుట్టూ, గడ్డం కింద పొలుసుల సందుల్లో దాగుతుంది. వెచ్చని చోట గుడ్డు నుంచి ఎదిగిన మైట్ కావడానికి రెండు మూడు వారాలు చాలు. ఒక్కొక్క ఆడది పదుల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. మీరు తెచ్చిన రోజున రెండే ఉంటే కనబడవు. కాని 90 రోజుల్లో నాలుగు తరాలు గడుస్తాయి. అప్పటికి దాగలేనన్ని అవుతాయి. తొట్టి అడుగున మట్టికి బదులు తెల్ల కాగితం పరిస్తే నల్లని చుక్కలు కదలడం కనిపిస్తుంది. పాము అస్తమానం నీళ్ళ గిన్నెలోనే పడి ఉంటే అనుమానించండి.

క్రిప్టోస్పోరీడియం అనే సూక్ష్మజీవి ఇంకా మొండిది. పొట్టను పాడుచేస్తుంది, పాము తిన్నదల్లా కక్కుతుంది. నమ్మదగిన మందు లేదు. మామూలు బ్లీచింగ్ ద్రావణానికి కూడా లొంగదు. అది మలంలో ఒకరోజు కనబడి మరో రోజు కనబడదు కనుక ఒక్క పరీక్షతో తేలదు. మూడు నెలల్లో పిల్ల పాము పది పన్నెండు సార్లు తింటుంది, ఒకటి రెండు సార్లు కుబుసం విడుస్తుంది. అంటే దాన్ని పరీక్షించడానికి మీకు పది పన్నెండు అవకాశాలు. కొండచిలువలకు సోకే కొన్ని వైరసులు 90 రోజులు దాటినా బయటపడవన్నది కూడా నిజమే. అందుకే కొండచిలువలు పెంచేవారు ఆరు నెలలు కూడా ఆగుతారు.

రోజూ పనులు చేసే వరుస ముఖ్యం: ముందు పాత పాము, తర్వాత కొత్తది, ఎన్నడూ తిరగేసి కాదు. పటకారు, గిన్నె, గుడ్డ దేనివి దానికే. చివర సబ్బుతో చేతులు. పాముల పేగుల్లో ఉండే సాల్మొనెల్లా మనకు విరేచనాలు, జ్వరం తెస్తుంది. అయిదేళ్ళ లోపు తమ్ముణ్ణో చెల్లెల్నో పామును ముట్టనివ్వకండి. నోట బుడగలు, గురక వంటి శబ్దం, ముక్కలు ముక్కలుగా ఊడే కుబుసం కనిపిస్తే వైద్యునికి చూపించాలి.

ఏ తేడా లేకుండా 90 రోజులు గడిస్తే కొత్త తొట్టిని మీ గదిలోకి తెచ్చుకోవచ్చు. అప్పుడైనా తొట్టెలు రెండూ వేరువేరుగానే ఉంచండి. కార్న్ స్నేకులు తోడు కోరవు. పెద్దది చిన్నదాన్ని మింగడం కూడా ఉన్నది.