భూసంధి విడదీసిన రొయ్యలు

ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే పనామా భూసంధి సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పూర్తిగా ఏర్పడింది. నేల జంతువులకు కొత్త దారి తెరుచుకుంది. సముద్ర జీవులకు మాత్రం పసిఫిక్, కరీబియన్ జలాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

దీనికి చక్కటి సాక్ష్యం స్నాపింగ్ రొయ్యలు. పెద్ద డెక్కను టప్పున మూసి, ఆ వేగానికి పుట్టిన బుడగ పేలుడుతో ఎరను సొమ్మసిల్లజేస్తాయివి. భూసంధికి ఇరువైపులా చూపుకు దాదాపు ఒకేలా ఉండే జాతుల జంటలున్నాయి. జీవశాస్త్రవేత్త నాన్సీ నోల్టన్ బృందం ఒకవైపు నుంచి ఆడ రొయ్యను, మరోవైపు నుంచి మగ రొయ్యను తెచ్చి ఒకచోట ఉంచి పరీక్షించింది. చాలావరకు అవి జతకట్టకపోగా కయ్యానికి దిగాయి. ఈ ఫలితాలు 1993లో వెలువడ్డాయి.

ఒకే జాతి ఇలా రెండుగా ఎలా చీలుతుంది? అడ్డంకి రాగానే రెండు సమూహాల మధ్య జన్యు ప్రవాహం ఆగుతుంది. ఉత్పరివర్తనాలు, ప్రకృతి వరణం, జన్యు విస్థాపన ఒక్కోవైపు ఒక్కోలా పనిచేస్తాయి. తేడాలు తరతరాలుగా పేరుకుని, చివరికి కలిసినా సంతానం కలగని స్థితి వస్తుంది. అదే ప్రత్యుత్పత్తి వివక్తత.

గుర్తుంచుకోండి:

• భౌగోళిక వివక్తత వల్ల కొత్త జాతులు ఏర్పడటం: అల్లోపాట్రిక్ స్పీసియేషన్.

• జీవశాస్త్రీయ జాతి భావనకు (తమలో తాము జతకట్టి సంతానం కనగలిగే సమూహమే జాతి) ప్రాచుర్యం కల్పించినవారు: ఎర్నెస్ట్ మేయర్ (1942).

• నది కూడా అడ్డంకి కావచ్చు: కాంగో నదికి ఉత్తరాన చింపాంజీలు, దక్షిణాన బోనోబోలు ఉంటాయి.

• డార్విన్ గాలపాగోస్ దీవులను సందర్శించిన సంవత్సరం: 1835. అక్కడి ఫించ్ పక్షుల ముక్కులు ఆహారాన్ని బట్టి వేర్వేరుగా పరిణమించాయి.