పాత మిషను రంపము – విడిభాగముల అన్వేషణ

నెల్లూరు సముద్రతీరమున సరుగుడు తోటలు విరివిగా కలవు. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపాను వంటి విపత్తులలో, దారికడ్డముగా కూలిన చెట్లను తొలగించుటకు మిషను రంపము ఎంత అవసరమో మనమెరుగుదుము. అట్టి రంపమునకు కంపెనీవారు భాగములిచ్చుట మానినచో, దానిని పాత ఇనుము క్రింద అమ్మివేయవలెనా? అక్కరలేదని మా అభిప్రాయము.

ముందుగా కొలతలు తీసికొనవలెను. గొలుసులో వరుసగానున్న మూడు రివెట్లలో మొదటి దానికి, మూడవ దానికి గల దూరమును సగము చేసిన ‘పిచ్’ వచ్చును. ఉదాహరణకు 3/8 అంగుళము. పళ్లచక్రమునకు గూడ అదే పిచ్ ఉండవలెను. గైడ్ బారు గాడి వెడల్పు, గొలుసు అడుగు పళ్ల సంఖ్య కూడ సరిపోయినచో, కంపెనీ వేరైనను క్రొత్త గొలుసు అమరును. ఇంజను కదలనిచో కార్బురేటరులోని పలుచని డయాఫ్రము గట్టిపడినదేమో చూడవలెను. ఇది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులో నూనె కలపనిచో పిస్టను పట్టివేయును.

ఒక హెచ్చరిక. గొలుసును తక్షణమే ఆపు బ్రేకు 1970వ దశకము నుండియే వ్యాప్తిలోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంపములకు అది సాధారణముగా ఉండదు. తిరుగుచున్న బారు కొన మ్రానుకు తగిలినచో రంపము ఎగిరి మనిషి మీదికే రావచ్చును. పాత వస్తువును కాపాడుట మంచిదే. పనివాని ప్రాణమును కాపాడుట అంతకంటె ముఖ్యమని విద్యార్థులు మరువరాదు.